పాదం సైజు సరే, పిక్క కొలతెంత?

చలికాలం దగ్గరపడగానే ఈ శీర్షికకు బూట్ల ఉత్తరాలు మొదలవుతాయి. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఆడవాళ్ళు వేసుకునే మోకాలి ఎత్తు బూట్ల గురించే. అందుకని ఈ సంచికలో జవాబులన్నీ వాటికే.

ప్రశ్న: మా అమ్మాయి జనవరి ఇన్‌టేక్‌లో ఎమ్మెస్ చేయడానికి చికాగో వెళ్తోంది. ఆన్‌లైన్‌లో మోకాలి దాకా వచ్చే బూట్లు తెప్పించాం. తనకి చెప్పులైనా షూలైనా 5 నంబరే. బూటులోనూ పాదం హాయిగా పట్టింది. జిప్పు మాత్రం పిక్క దగ్గర ఆగిపోయింది. 6 నంబరు తెప్పిస్తే జిప్పు పడుతుందా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: పడదండీ. బూటు ఒక సైజు పెరిగితే పిక్క దగ్గర చుట్టుకొలత పెరిగేది సుమారు అర సెంటీమీటరే. జిప్పు మధ్యలోనే ఆగిపోయిందంటే రెండు మూడు సెంటీమీటర్లయినా తక్కువపడి ఉంటుంది. ఆ లెక్కన నాలుగు నుంచి ఆరు సైజులు పైకి పోవాలి. అప్పుడు జిప్పు పడుతుంది గానీ పాదం బూటులో ఈత కొడుతుంది. ఆ జత వాపసు చేసేసి, కొలతలు తీసుకుని మళ్ళీ కొనండి.

పొడుగు బూటుకు పాదం సైజుతో పాటు ఇంకో రెండు కొలతలు కావాలి. మొదటిది పిక్క చుట్టుకొలత. ఇది సాయంత్రం తీయాలి, ఎందుకంటే పగలంతా తిరిగాక కాళ్ళు కాస్త ఉబ్బుతాయి. పొద్దున సరిపోయిన బూటు సాయంత్రం బిగిసేది అందుకే. అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి, పాదం పూర్తిగా నేలకు ఆనించి, మోకాలు సరిగ్గా 90 డిగ్రీల్లో వంచమనండి. దర్జీ టేపును పిక్క బాగా లావుగా ఉన్నచోట చుట్టండి. టేపు చర్మాన్ని తాకాలే గానీ నొక్కకూడదు. ఒకచోట కొలిచి ఊరుకోకుండా రెండు వేళ్ళంత పైకీ కిందికీ జరిపి చూసి, వచ్చినవాటిలో పెద్ద అంకె రాసుకోండి. రెండు కాళ్ళూ కొలవండి. రెండూ ఒకేలా ఉండాలనేమీ లేదు, ఏది లావైతే దాన్నే లెక్కలోకి తీసుకోవాలి. బూటు లోపల జీన్స్ వేసుకునే ఉద్దేశం ఉంటే జీన్స్ మీదే కొలవండి. మందపాటి జీన్స్ ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు తినేస్తుంది. లెగ్గింగ్స్‌తో పెద్ద తేడా రాదు.

రెండోది ఎత్తు. చెప్పుల్లేకుండా నిలబడినప్పుడు నేల నుంచి మోకాలి వెనక మడత దాకా కొలవాలి. ఎవరికి వాళ్ళు వంగి కొలుచుకుంటే తప్పు వస్తుంది, మీరే కొలిచిపెట్టండి. వచ్చినదాంట్లోంచి 3 సెం.మీ. తీసేస్తే, బూటు గొట్టం, అంటే కాలిని చుట్టే పైభాగం, అంతకు మించకూడదన్నమాట. మించితే కూర్చున్నప్పుడల్లా పై అంచు ఆ మడతలో గుచ్చుకుంటుంది, మెట్లు ఎక్కేటప్పుడు మరీను. అసలైన తోలు బూటు వాడగా వాడగా చీలమండ దగ్గర ముడతపడి సుమారు ఒక సెంటీమీటరు కిందికి దిగుతుంది. సింథటిక్ బూటు అలా దిగుతుందని నమ్ముకోకండి.

ఇక వెబ్‌సైట్లో ఏం చూడాలి? ‘షాఫ్ట్ హైట్’ (గొట్టం ఎత్తు) అని ఇచ్చేది మామూలుగా మడమ ఎత్తు కలపకుండా, పాదం లోపలి వంపు దగ్గర సోల్ అతికిన చోటు నుంచి పై అంచు దాకా. పొడుగు బూట్లలో ఇది ఎక్కువగా 38 నుంచి 42 సెం.మీ. మధ్య ఉంటుంది. ‘షాఫ్ట్ సర్కమ్‌ఫరెన్స్’ (గొట్టం చుట్టుకొలత) మామూలు రకాల్లో 35 నుంచి 37 సెం.మీ., లావు పిక్కలకని ‘వైడ్ కాఫ్’ పేరుతో అమ్మేవాటిలో 40 ప్రాంతం, ఇంకా వెడల్పువి 43 పైన. ఈ చుట్టుకొలత అంకెతోనే మోసపోతారు. చాలా సైట్లు ఒక్క నమూనా సైజు బూటును కొలిచి, అదే అంకెను అన్ని సైజులకూ పెట్టేస్తాయి. కొందరు పిక్క దగ్గర కాకుండా పై అంచు దగ్గర కొలుస్తారు. ఏ సైజు బూటును, ఎక్కడ కొలిచారని అమ్మేవాళ్ళను అడగండి. తోలు బూటైతే ఆ అంకె మీ అమ్మాయి కొలత కన్నా ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కువుండాలి. వెనక ఎలాస్టిక్ పట్టీ ఉన్నదైతే కొలతకు సమానంగా ఉన్నా నడుస్తుంది.

అక్కడికెళ్ళి కొంటే నంబరు మారుతుందని కూడా చెప్పండి. మన షాపుల్లో ఎక్కువగా ఉండేది బ్రిటిష్ నంబరు. మన 5 అంటే అమెరికా ఆడవాళ్ళ సైజుల్లో 7, యూరప్‌లో 38. ఇంకో సంగతి, చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ సీఎల్ఆర్ఐ దేశమంతటా లక్షమందికి పైగా పాదాలు కొలిపిస్తే, యూరప్, అమెరికా వాళ్ళకన్నా మనవాళ్ళ పాదాలు వెడల్పని తేలింది. కాబట్టి నంబరు సరిపోయినా వేళ్ళ దగ్గర ఇరుకనిపిస్తే నంబరు పెంచకుండా ‘వైడ్’ రకం అడగాలి. పెట్టె మీద డబ్ల్యూ అక్షరం ఉంటుంది.

మా సలహా అడిగితే, ఇక్కడ కొననే వద్దు. జత బూట్లు ఒకటిన్నర కిలోల దాకా తూగుతాయి, 23 కిలోల పెట్టెలో ఆ చోటు పచ్చళ్ళకిచ్చినా నయమే. పండుగల అమ్మకాలు అయిపోయాక జనవరి, ఫిబ్రవరిల్లో అక్కడి షాపులు చలి సరుకు తగ్గించి అమ్ముతాయి. వేసుకుని చూసుకునే వీలూ ఉంటుంది.

ప్రశ్న: నాది వ్యతిరేక సమస్య. కాళ్ళు సన్నం, పిక్క 31 సెం.మీ. ఏ బూటు వేసినా పైన బకెట్‌లా ఖాళీగా ఉంటుంది. ఏం చేయాలి?
– పాఠకురాలు, కర్నూలు

జవాబు: గట్టి తోలు గొట్టాల జోలికి వెళ్ళకండి. వాటికి కాలితో పనిలేదు, వాటంతట అవే నిలబడతాయి. కాలికి అంటుకుని సాగే స్ట్రెచ్ రకం మీకు సరిపోతుంది. లేదంటే పైన పట్టీ, బకిల్ ఉన్నవి, వెనక తాడుతో లాగి కట్టేవి చూడండి. చీలమండ దగ్గర కావాలనే ముడతలు పడేలా చేసిన ‘స్లౌచ్’ రకంలో వదులే అందం, అందులో ఎవరికీ తప్పు కనిపించదు. ఇప్పటికే మంచి తోలు బూట్లు ఉంటే వెనక కుట్టు విప్పించి లోపలికి పట్టించవచ్చు. రెండు మూడు సెంటీమీటర్లు తగ్గించినా ఆకారం చెడదు. వెనక కుట్టు మీదే జిప్పు ఉన్న బూటుకు మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. జిప్పంతా ఊడదీసి మళ్ళీ కుట్టాలి, ఖర్చుకు తగ్గ ఫలితం ఉండదు.

ప్రశ్న: నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. డల్లాస్‌లో ఆఫీసుకు కుర్తా, లెగ్గింగ్స్ మీద వేసుకుందామని మోకాలి బూట్లు కొన్నాను. ఇంకా పొట్టిగా కనిపిస్తున్నానని ఇంట్లో నవ్వుతున్నారు. పొట్టివాళ్ళు ఇవి వేసుకోకూడదా?
– పాఠకురాలు, డల్లాస్

జవాబు: నిక్షేపంగా వేసుకోవచ్చు. తప్పు మీ ఎత్తుది కాదు, బట్ట అంచుకూ బూటు అంచుకూ మధ్య ఎంత కాలు కనిపిస్తోందన్నదే అసలు విషయం. కుర్తా అంచు మోకాలి మీదకు వచ్చి, బూటు మోకాలి కింద ఆగి, మధ్యలో మూడు వేళ్ళ లెగ్గింగ్ వేరే రంగులో కనిపిస్తే కాలు మూడు ముక్కలవుతుంది. పొట్టిగా చూపించేది ఆ ముక్కలే. దీనికి రెండు దారులు. కుర్తా అంచు బూటు పై అంచును దాటి కిందికి రావాలి, అంటే పిక్క సగం దాకా. లేదా కుర్తా మోకాలికి ఒక జానెడు పైనే ఆగిపోవాలి. ఏది చేసినా లెగ్గింగ్ రంగు, బూటు రంగు ఒకటే ఉంచండి. నలుపు మీద నలుపు, ముదురు గోధుమ మీద ముదురు గోధుమ. కాలు నడుము నుంచి వేళ్ళదాకా ఒకే గీతలా కనిపిస్తుంది.

బూటులో కూడా చూసుకోవలసినవి ఉన్నాయి. మీ ఎత్తువాళ్ళకు 40 సెం.మీ. గొట్టం మోకాలి మడతను తాకేస్తుంది, 35, 36 ఉన్నవి వెతకండి. ‘పెటీట్’ అని అమ్మే రకాల్లో దొరుకుతాయి. పై అంచు ముందువైపు కొంచెం ఎత్తుగా ఉండి వెనక దిగినట్టు కోసి ఉంటే మోకాలు మడిచినప్పుడు సుఖం. ముక్కు భాగం గుండ్రంగా, చదరంగా కాకుండా బాదం గింజ ఆకారంలో ఉంటే పాదం సన్నగా కనిపిస్తుంది. చీలమండ దగ్గర అడ్డంగా పట్టీలు, పెద్ద బకిళ్ళు ఉన్నవి మీరు వదిలేయడం మంచిది, అవి కాలిని అక్కడే కోసేస్తాయి. మడమ 4, 5 సెం.మీ. చాలు.

ఈ అంచుల గొడవ కొత్తదేమీ కాదు. 1960లలో స్కర్టులు మోకాలి పైకి ఎక్కి కాళ్ళు బయటపడ్డాకే బూట్లు ఫ్యాషన్ బట్టల్లో భాగమయ్యాయి. పారిస్ డిజైనర్ ఆండ్రే కురేజ్ 1964లో పొట్టి గౌన్లకు జోడించిన తెల్ల బూట్లకు మడమ దాదాపు లేదు. ఎత్తుమడమ ఉంటేనే బూటుకు అందమన్న మాటను అప్పుడే కొట్టిపారేశారు.

ప్రశ్న: మూడేళ్ళ కిందట లండన్ నుంచి తెచ్చుకున్న బూట్లు అట్టపెట్టెలో పెట్టి అటక మీద దాచాను. పట్టుమని పదిసార్లు కూడా వేసుకోలేదు. మొన్న తీస్తే సోల్ తడి బిస్కెట్‌లా ముక్కలై రాలిపోయింది. పైన కూడా పొరలు లేస్తున్నాయి. నకిలీ సరుకా?
– పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నకిలీ కానక్కర్లేదు. పేరున్న కంపెనీల బూట్లకూ ఇదే జరుగుతుంది. తేలిగ్గా ఉండాలని చాలా సోళ్ళు పాలీయురిథేన్ అనే ప్లాస్టిక్ నురుగుతో పోస్తారు. గాలిలో తేమ తగిలితే ఆ పదార్థంలోని అణువుల గొలుసులు మెల్లగా తెగిపోతాయి. వాడినా, పెట్టెలో ఉంచినా ఆగదు. వేడి, తేమ రెండూ ఉన్నచోట వేగంగా జరుగుతుంది. విశాఖ అటక మీద ఎండాకాలం ఎలా ఉంటుందో మీకు మేం చెప్పాలా! పైన లేస్తున్న పొర కూడా అదే జాతి, గుడ్డ మీద పూసిన పాలీయురిథేన్. ‘వీగన్ లెదర్’ పేరుతో అమ్మేవాటిలో చాలాభాగం ఇదే.

పైభాగం అసలైన తోలైతే కొత్త రబ్బరు సోల్ వేయించుకోవచ్చు. మీ బూటులో పైపొర కూడా లేస్తోంది కాబట్టి దాని మీద డబ్బు పెట్టకండి.

కొత్తవి కొనేటప్పుడు సోల్ పక్కన గోరుతో నొక్కి చూడండి. నురుగులా లోపలికి దిగి, బూటు ఆశ్చర్యంగా తేలిగ్గా ఉంటే పాలీయురిథేన్ అయ్యే అవకాశం ఎక్కువ. రబ్బరు, టీపీఆర్ (రబ్బరులా సాగే ఒక ప్లాస్టిక్) సోళ్ళు బరువుగా ఉంటాయి గానీ ఇలా పొడి కావు. యూరప్, బ్రిటన్‌లో అమ్మే బూట్ల మీద చిన్న బొమ్మల లేబుల్ ఉంటుంది. పైభాగానికి, లోపలి అస్తరుకు, సోల్‌కు వేర్వేరుగా గుర్తు వేస్తారు. పరిచిన చర్మం ఆకారం ఉంటే తోలు. ఆ చర్మం బొమ్మ మీద డైమండ్ గడి కూడా ఉంటే పైన పూత పూసిన తోలు. అల్లిక గళ్ళు ఉంటే గుడ్డ. ఉత్త డైమండ్ గడి అయితే ప్లాస్టిక్ వగైరా. ‘జెన్యూన్ లెదర్’ అన్న ముద్రకు మురిసిపోకండి. తోలు చీల్చగా మిగిలిన అడుగు పొర మీద రంగు పొర అంటించినా ఆ మాట రాస్తారు. మేలురకమైతే ‘ఫుల్ గ్రెయిన్’ అని ఉంటుంది. జిప్పు పక్కన లోపలి అంచు తిప్పి చూస్తే తోలుకు పీచు కనిపిస్తుంది, సింథటిక్‌కు గుడ్డ అల్లిక కనిపిస్తుంది.

మన కోస్తాలో దాచాలంటే ప్లాస్టిక్ సంచీ వద్దు, బూజు పడుతుంది. తడిబట్టతో తుడిచి, ఒకరోజు నీడన ఆరబెట్టి, గొట్టంలో పాత వారపత్రికలు చుట్టి నిలబెట్టి, గుడ్డ సంచీలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి. వానాకాలంలో ఒకటి రెండుసార్లు బయటికి తీసి గాలి తగలనివ్వండి. అటక కన్నా బీరువా అడుగు అర మంచిది.

ప్రశ్న: టొరంటోలో మొదటి చలికాలం. అందమైన తోలు బూట్లు కొన్నాను. మంచులో తిరిగి వచ్చాక వాటి మీద తెల్లటి చారలు పడ్డాయి, కాళ్ళు కూడా గడ్డకట్టుకుపోయాయి. బూట్లు పనికిరావా?
– పాఠకురాలు, టొరంటో

జవాబు: బూట్లు మంచివే, పని వాటిది కాదు. ఫ్యాషన్ బూటుకు సోల్ పల్చన, లోపల ఉన్ని ఉండదు, జిప్పు పళ్ళ సందుల్లోంచి నీళ్ళు వస్తాయి. మంచులో నడిచే బూటుకు జిప్పు వెనక నీరు దిగని నాలుకలాంటి పొర, మందపాటి అస్తరు, లోతైన గాళ్ళున్న మెత్తని రబ్బరు సోల్ ఉండాలి. బయట స్నోబూట్లతో తిరిగి, ఆఫీసులో ఇవి మార్చుకోవడం అక్కడ మామూలే. చలికి రెండు జతల సాక్స్ తొడిగి బిగించడం మాత్రం చేయకండి. బిగిస్తే రక్తం సరిగా ఆడదు, వెచ్చదనమిచ్చే గాలి పొరా మిగలదు, కాళ్ళు ఇంకా చల్లబడతాయి. ఒక్క జత మెరీనో ఉన్ని సాక్స్, పాదం కింద పరిచే ఒక ఫెల్ట్ (అదిమిన ఉన్ని) అట్ట చాలా నయం. సాక్స్ బూటు అంచు కన్నా కొంచెం పైకి ఉండాలి, లేకపోతే అంచు ఒరుసుకుని చర్మం ఎర్రబడుతుంది.

తెల్లచారలు రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు. అది తోలులోని నూనెను, తేమను లాగేస్తుంది, వదిలేస్తే అక్కడే పగుళ్ళు. ఇంటికి రాగానే తడిబట్టతో తుడవండి. చార ఎండిపోయి ఉంటే తెల్ల వెనిగర్‌కు సమానంగా నీళ్ళు కలిపి, గుడ్డ ముంచి పిండి, చార ఒక్కచోటే కాకుండా ఆ భాగమంతా తేలిగ్గా తుడవాలి. లేకపోతే చుట్టూ కొత్త గీత ఏర్పడుతుంది. తర్వాత మంచినీటి గుడ్డతో మళ్ళీ తుడిచి, లోపల కాగితాలు కూరి, హీటరుకు దూరంగా ఒక పూర్తి రోజు ఆరనివ్వండి. హీటర్ పక్కన పెడితే తోలు బిరుసెక్కుతుంది, సోల్ జిగురు వదులుతుంది. ఆరాక లెదర్ కండిషనర్ పల్చగా పట్టించండి. స్వేడ్ (నూగు తేలిన తోలు) బూట్లకు కండిషనర్ వద్దు, ఆరాక స్వేడ్ బ్రష్‌తో దువ్వితే చాలు.

ప్రశ్న: బూట్లు వేసుకుని మూడు నాలుగు గంటలు కూర్చుంటే కాలి బయటివైపు, పాదం పైన తిమ్మిరెక్కుతోంది. అలవాటు పడితే పోతుందా?
– పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: అలవాటు చేసుకోవద్దు. మోకాలికి కాస్త కింద, బయటివైపు ఎముక బొడిపె దగ్గర ఒక నరం చర్మానికి బాగా దగ్గరగా పోతుంది. బూటు పై అంచు అక్కడ నొక్కితే మీరు చెప్పిన తిమ్మిరే వస్తుంది. కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటే నొక్కుడు ఇంకా పెరుగుతుంది. కూర్చునేటప్పుడు జిప్పు సగం దించేయండి. అంచు లోపలికి రెండు వేళ్ళు సులువుగా దూరకపోతే ఆ బూటు మీది కాదు. పాదం పైకెత్తడం కష్టంగా ఉన్నా, బూటు తీశాక కూడా తిమ్మిరి వదలకపోయినా డాక్టరుకు చూపించండి. షుగర్ ఉన్నవాళ్ళు స్పర్శ తగ్గి నొక్కుడు తెలియకపోవచ్చు కాబట్టి, బూటు తీసిన ప్రతిసారీ పాదాలు, పిక్కలు కళ్ళతో చూసుకోవాలి.

ప్రశ్న: జనవరిలో ఇక్కడే చెల్లి పెళ్ళి. పట్టుచీర కింద బూట్లు వేసుకుంటే బాగుంటుందా?
– పాఠకురాలు, మిన్నియాపొలిస్

జవాబు: వేసుకోండి, ఎవరికీ కనిపించవు. జిప్పు లాగే రింగు బయటికి వేలాడకుండా చూసుకోండి, పట్టు పోగులు పట్టుకుని లాగేస్తుంది. బకిళ్ళు, లేసులు లేని నున్నటి బూటు, చీర కట్టుకునే ముందే వేసుకుని, ఆ ఎత్తుకే కుచ్చిళ్ళు పెట్టించుకోండి. తర్వాత బూటు మారిస్తే కుచ్చిళ్ళు నేల ఊడుస్తాయి. పీటల మీదికి వెళ్ళే ముందు విప్పాల్సిందే గనక ఫుల్ జిప్పుదే మేలు.

ప్రశ్న: జిప్పు వేశాక వెనకాలే పళ్ళు విడిపోతున్నాయి. బూట్లు ఏడాది కూడా కాలేదు. జిప్పంతా మార్చాలా?
– పాఠకురాలు, బెంగళూరు

జవాబు: పళ్ళు ఊడకపోతే జిప్పు మార్చనక్కర్లేదు, జిప్పును పైకీ కిందికీ నడిపే రన్నర్ నోరు వెడల్పయింది. రన్నర్‌ను కింది చివరకు దించి, చిన్న పట్టకారుతో దాని వెనక అంచులను ఒక్కో పక్కా కొద్దికొద్దిగా నొక్కండి, ఒకసారి నడిపి చూడండి, చాలకపోతే ఇంకొంచెం. ఒకేసారి గట్టిగా నొక్కితే విరుగుతుంది. అప్పటికీ నిలవకపోతే రన్నర్ ఒక్కటే మార్పించండి. దాని వెనక 5 అనో 8 అనో నంబరు పోసి ఉంటుంది, అదే నంబరు, అదే రకం పళ్ళది కావాలి. మెటల్ పళ్ళ రన్నర్ ప్లాస్టిక్ చుట్ట జిప్పుకు పట్టదు.

ఏడాదిలోనే ఇలా అయిందంటే బూటు పిక్క దగ్గర బిగువుగా ఉండాలి, లేదా వేసే తీరు తప్పయి ఉండాలి. నిలబడి వంగి ఒంటిచేత్తో లాగితే బరువంతా రన్నర్ మీదే పడుతుంది. కూర్చోండి, మడమ అడుగుకు పూర్తిగా దిగేలా నేలకేసి ఒకసారి తట్టండి, ఎడమచేత్తో జిప్పు రెండు అంచులనూ దగ్గరికి పట్టుకుని, కుడిచేత్తో రన్నర్ పైకి నడపండి. లెగ్గింగ్ గుడ్డ పళ్ళలో పడకుండా లోపలి పట్టీని వేలితో అదిమి ఉంచాలి. నెలకోసారి పళ్ళ మీద కొవ్వొత్తి ముక్క రుద్దితే రన్నర్ తేలిగ్గా పోతుంది. నూనె రాయకండి, దుమ్ము పట్టుకుంటుంది, తోలు మీద మరక పడుతుంది. పిక్క దగ్గర నిజంగానే బిగువైతే రిపేరు షాపులో వెనక కుట్టు విప్పించి, పై నుంచి సన్నగా దిగే ఎలాస్టిక్ ముక్క వేయించుకోండి. మూడు సెంటీమీటర్ల దాకా వస్తుంది. మెషీన్ మీద సాగదీయడం తోలుకే పనిచేస్తుంది, అదీ ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్లే. సింథటిక్‌ను సాగదీస్తే రెండు రోజుల్లో మళ్ళీ మొదటికే వస్తుంది.